సముద్రాల అవతల సంసారం

సువార్త కోసం దేశాలు దాటిన వాళ్ల చరిత్రలో చర్చీలు, బడులు, ఆసుపత్రులు అందరికీ కనిపిస్తాయి. వాటి వెనక ఓ ఇల్లు ఉంది. వసారాలో మందులు పంచే తల్లి, ఆయా ఒళ్లో తెలుగు నేర్చుకున్న పిల్లలు, రాత్రి భోజనాలయ్యాక జరిగే ప్రార్థన ఉన్నాయి. ఈ వారం కథనం ఆ ఇంటి గురించి.

1831లో బాగ్దాద్ నగరానికి ప్లేగు వచ్చింది. వెనకే టైగ్రిస్ నది పొంగి ఊరి గోడను, వేల ఇళ్లను కూల్చేసింది. ఆ రెండూ సద్దుమణగక ముందే సైన్యం వచ్చి నగరాన్ని ముట్టడించింది. తలుపులు బిడాయించుకుని లోపల కూర్చున్న కుటుంబాల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ కుటుంబం ఒకటి. ఎక్సెటర్‌లో పళ్ల డాక్టరుగా బాగా సంపాదిస్తున్న మనిషి ఆయన. అదంతా వదిలి 1829లో భార్య మేరీనీ ఇద్దరు మగపిల్లల్నీ తీసుకుని బయల్దేరారు. పిల్లలకు పాఠాలు చెప్పడానికి జాన్ కిట్టో అనే యువకుడు వెంట వెళ్లారు. చిన్నతనంలో నిచ్చెన మీంచి పడి చెవులు పూర్తిగా పోగొట్టుకున్న ఆ కిట్టోయే తర్వాతి కాలంలో పెద్ద బైబిలు పండితుడయ్యారు.

ఆ ఏడాది మే నెలలో మేరీ ప్లేగుతో చనిపోయారు. ఎండాకాలం గడవక ముందే చంటికూతురూ పోయింది. గ్రోవ్స్ రాసుకున్న దినచర్య మరుసటి ఏడాదే లండన్‌లో అచ్చయింది. ప్లేగు రోజుల పుటలు చదువుతుంటే మత ప్రచారకుడి కంటే ముందు ఓ ఇంటి యజమాని కనిపిస్తాడు. ఈ రోజు ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడింది, తాగే నీళ్లు దొరుకుతాయా, పక్కింటి నుంచి ఏ కబురొచ్చింది, పిల్లలకు ఏం చెప్పాలి. ఇవే ఆయన ప్రార్థనలు.

బాగ్దాద్ ఇల్లు మనకెందుకంటే, గోదావరి తీరానికి వచ్చిన ఒక మిషను చరిత్ర అక్కడి నుంచే నడిచింది. గ్రోవ్స్ ఇంగ్లండు వెళ్లి మళ్లీ పెళ్లి చేసుకుని 1836లో మన దేశానికి వస్తూ డెవన్ ప్రాంతంలోని బార్న్‌స్టేపుల్ నుంచి రెండు యువజంటలను వెంటబెట్టుకొచ్చారు. విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు. ఇద్దరు భార్యల పేరూ ఎలిజబెతే. గ్రోవ్స్ చిత్తూరు వైపు స్థిరపడితే ఈ రెండు కుటుంబాలు మచిలీపట్నం మీదుగా నరసాపురం, పాలకొల్లు చేరుకున్నాయి.

వీళ్లకు నెలనెలా జీతం పంపే సొసైటీ ఏదీ లేదు. కావలసింది దేవుణ్ణి అడగాలి తప్ప మనుషుల్ని అడగకూడదన్నది వాళ్ల నియమం. బ్రిస్టల్‌లో అనాథ శరణాలయాలు నడిపిన జార్జ్ ముల్లర్ పాటించిందీ అదే నియమం. ముల్లర్ పెళ్లాడింది గ్రోవ్స్ చెల్లెల్ని. చెప్పుకోవడానికి ఇది గొప్పగా ఉంటుంది. ఆచరణలో ఆ నియమం వంటింటి మీద పడుతుంది. నెలాఖరుకు బియ్యం డబ్బాలో ఎన్ని గింజలున్నాయో తెలిసేది ప్రసంగం చేసే భర్తకు కాదు, పొయ్యి దగ్గరుండే భార్యకు. విశ్వాసంతో బతకడమంటే ఏమిటో ఆ ఇద్దరు ఎలిజబెత్‌లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదని నా నమ్మకం.

ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో అక్కడ చేరిన వేలాది కూలీల మధ్య కూడా ఈ బృందం సువార్త చెప్పింది. ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడాది, 1853లో, జార్జ్ బీర్ కన్నుమూశారు. ఆయన భార్య పిల్లలతో నరసాపురంలోనే ఉండిపోయారు. కొడుకులు పెద్దవాళ్లై తండ్రి పనిలోనే దిగారు. మిషను చరిత్ర రాసినవాళ్లు ఈ సంగతిని ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తారు. నేను అక్కడ ఆగిపోతాను. ఓడెక్కితే నాలుగైదు నెలల్లో పుట్టింటికి చేరగలిగిన ఓ యువ వితంతువు గోదావరి ఒడ్డునే ఉండడానికి నిర్ణయించుకున్న రాత్రి ఏమని ప్రార్థించి ఉంటుంది? ఆ ప్రార్థన ఎవరూ రాసిపెట్టలేదు.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం పూట నడిస్తే అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఎడమ చూపుడువేలికి దారం చుట్టుకుని, కుడిచేతిలో కొక్కెం సూది. కళ్లు సూది మీద ఉండవు, వీధిలో ఆడుకునే మనవడి మీద ఉంటాయి. వేళ్లకు లెక్క తెలుసు. ఈ అల్లిక మిషనరీ కుటుంబాల ఆడవాళ్లు 19వ శతాబ్దంలో నేర్పింది. తర్వాత అది పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. 1982లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ అల్లిక మీద పుస్తకం రాసి, ఇంట్లో ఖాళీ సమయంలో చేసే పని అనే పేరుతో ఆడవాళ్ల శ్రమకు ఎంత తక్కువ ధర కడుతున్నారో లోకానికి చూపించారు. ఇంటిపనికి లెక్కాపత్రం ఉండదన్న మాట లేసు అల్లే చేతులకు ఎంత వర్తిస్తుందో, ఆ అల్లిక నేర్పిన దొరసానులకూ అంతే వర్తిస్తుంది. మిషను రిపోర్టుల్లో భర్త చేసిన ప్రసంగాలకు లెక్కలుంటాయి, భార్య కట్టిన కట్లకు ఉండవు.

కొండ మీద అయిదుగురు

నెల్లూరు కథ వేరు. అక్కడ జీతమిచ్చే సొసైటీ ఉంది, ఎప్పుడు పని ఆపేయమంటుందో తెలియని సొసైటీ అది.

అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే, రోయెన్నా దంపతులు 1836లో విశాఖపట్నంలో దిగి, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరు చేరారు. ఆరేళ్లకు డే ఆరోగ్యం చెడి కుటుంబమంతా అమెరికా వెళ్లాల్సి వచ్చింది. రెండేళ్లు కోలుకుని ఆయన మళ్లీ బయల్దేరారు. ఈసారి భార్యా పిల్లలు వెంట రాలేదు. వెంట వచ్చింది లైమన్ జ్యూయెట్, యుఫీమియా అనే కొత్త జంట. 1853లో డే పూర్తిగా జబ్బుపడి ఇంటికి వెళ్లిపోయేదాకా భర్త నెల్లూరులో, భార్య అమెరికాలో. రోయెన్నా పిల్లల్ని ఒంటిచేత్తో పెంచారు. ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి ఏడాది దాకా పట్టే కాలం అది. సూయజ్ కాలువ తెరుచుకున్నది 1869లో మరి. పిల్లాడికి జ్వరమని రాస్తే, తగ్గాలని తండ్రి ఇక్కడ ప్రార్థన మొదలుపెట్టేసరికి ఆ పిల్లాడు జ్వరం సంగతే మరిచి ఆడుకుంటూ ఉండొచ్చు. లేదా అసలే లేకపోవచ్చు.

1853లోనే అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో, ఫలితం లేని ఈ తెలుగు మిషనును మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. బర్మాలో వాళ్లకు చాలా కేంద్రాలున్నాయి, బంగాళాఖాతానికి ఇవతల తెలుగు నేల మీద ఒక్క నెల్లూరే. పటం మీద ఒంటరి చుక్కలా కనిపించిన ఆ ఊరిని చూసి శామ్యూల్ స్మిత్ రాసిన పద్యంతో ఈ మిషనుకు ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరే స్థిరపడింది. మూసివేత ఆగింది.

ఆ చలికాలం జ్యూయెట్ దంపతులు ప్రచార యాత్రలో ఒంగోలు వచ్చారు. 1854 జనవరి 1 తెల్లవారక ముందే ఊరి పక్కనున్న కొండెక్కారు. వాళ్లతో ముగ్గురు తెలుగువాళ్లు, నరసు, జూలియా, రూతు. పాట పాడారు, యెషయా గ్రంథం చదివారు, ఒకరి తర్వాత ఒకరు అయిదుగురూ ప్రార్థించారు. అప్పటికి సూర్యుడు పైకొచ్చాడు. కింద నాగజెముడు పొదలతో నిండిన మెరక నేలను చూపించి, అక్కడ మిషను బంగళా రావాలని జ్యూయెట్ కోరుకున్నారు. ఒంగోలువాళ్లు ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు.

ఆ అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురు తెలుగువాళ్లు. నాకు ముఖ్యమనిపించేది ఇది. ఆ తెల్లవారుజామున కొండ మీద జరిగింది సభ కాదు, ఇంట్లో రోజూ జరిగే ప్రార్థనే. చదవడం, పాడడం, వరుసగా అందరూ నోరు విప్పడం. దొర, దొరసాని, వాళ్లతో కలిసి తిరిగే పనివాళ్లు ఒకే వరుసలో మోకరించడం. జూలియా వయసుడిగేదాకా ఆ ఉదయం గురించి చెబుతూనే ఉండేవారు. ఆమె సాక్ష్యం లేకపోతే ఆ కొండ కథ మనదాకా ఇంత సవివరంగా వచ్చేది కాదు.

తర్వాతి చరిత్ర చాలామందికి తెలిసిందే. 1862లో మళ్లీ మూసివేత మాట వచ్చింది. సెలవు మీద వెళ్లిన జ్యూయెట్, మీరు పంపకపోయినా నేను వెళ్లి తెలుగువాళ్ల మధ్యే చచ్చిపోతాను అన్న అర్థంలో పట్టుబట్టారు. ఆయనతో జాన్ క్లౌ, హ్యారియట్ దంపతులు వచ్చారు. 1864 నవంబరు 30న బోస్టన్‌లో చిన్న ఓడెక్కినవాళ్లు మద్రాసులో దిగింది 1865 ఏప్రిల్‌లో. 1866లో వాళ్లు ఒంగోలులో కాపురం పెట్టారు, ఆ నాగజెముడు నేలే మిషను కాంపౌండు అయింది. 1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె ఎన్ని పుస్తకాల్లోకి ఎక్కిందో చెప్పలేం.

పొద్దున తెలుగులో, రాత్రి ఇంగ్లీషులో

ఉత్తరాలు, రిపోర్టులు, జీవిత చరిత్రలు కలిపి చదివితే ఆ బంగళాల్లో ఓ మామూలు రోజు కళ్లకు కడుతుంది. పొద్దెక్కితే ఎండ, అందుకని అంతా చీకటితోనే మొదలు. చోటా హాజరీ అని పిలిచే కాస్త టీ, రొట్టె తిని దొరగారు పేటకో పల్లెకో వెళ్లిపోతారు. దొరసాని గారు వసారాలో మందుల పెట్టె తెరుస్తారు. క్వినైను, ఆముదం, కళ్లకలకకు చుక్కలు, గజ్జికి గంధకం లేపనం. ఆమె డాక్టరు కాదు, పుస్తకం చూసి వైద్యం చేసే గృహిణి. మెట్ల మీద వరుసగా కూర్చున్న తల్లుల చంకల్లోంచి పసివాళ్లు ఆమె టోపీని చూసి ఏడుస్తుంటారు.

ఎండ ముదిరే వేళకు గంట కొడతారు. వంటవాడు, ఆయా, నీళ్లు మోసేవాడు, బండి తోలేవాడు, హాస్టలు పిల్లలు, బైబిలు స్త్రీలు అందరూ హాల్లో చేరతారు. పాట, వంతులవారీగా వచనాలు, ప్రార్థన, అన్నీ తెలుగులోనే. కొత్తగా వచ్చిన దొరలకు అదే తెలుగు బడి కూడా. ఆ తర్వాత తెలుగు నేర్పే మునిషీ వచ్చి కూర్చుంటాడు. లకారానికీ ళకారానికీ తేడా పలకలేక ఏడ్చిన మధ్యాహ్నాలు చాలామంది జ్ఞాపకాల్లో ఉన్నాయి. ఈ మునిషీలు ఎక్కువమంది హిందూ పండితులు. వాళ్ల ఓపిక లేకపోతే తెలుగులో ప్రార్థించగల దొర ఒక్కడూ తయారయ్యేవాడు కాదు. కృతజ్ఞత చెప్పాల్సిన వాళ్ల జాబితాలో వాళ్లను ముందు వరుసలో రాయాలి.

రాత్రి భోజనాలయ్యాక మరో ప్రార్థన. అది ఇంగ్లీషులో, భార్యా భర్తా మాత్రమే, ఇంట్లో ఉంటే పిల్లలూ. దూరాన ఉన్న ఒక్కో బిడ్డనూ పేరుపేరునా తలుచుకునే వేళ అదే. పొద్దుటి ప్రార్థనలో ఊరి కలరా, వాన, మాలపల్లెలో తగవు, వంటవాడి కూతురి పెళ్లి వస్తాయి. రాత్రి ప్రార్థనలో టపా ఓడ, ముసలి తల్లిదండ్రులు, సమాధుల తోటలో పడుకోబెట్టిన పసివాళ్లు వస్తారు. పగలు ఒక భాషలో ఊరికోసం, రాత్రి ఇంకో భాషలో తమకోసం. మన ప్రవాస కుటుంబాలకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు.

చలికాలం వస్తే ఇల్లు ఇల్లులా ఉండదు. డేరాలు, మడత మంచాలు, వంట సామాను ఎడ్లబళ్లకెత్తి మామిడితోపు నుంచి మామిడితోపుకు నెలల తరబడి యాత్ర. పాలిచ్చే తల్లులు కూడా వెళ్లేవారు. బట్టల బుట్టలో పసిబిడ్డ నిద్ర, లాంతరు చుట్టూ పురుగులు, డేరా బయట చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన జనం పాడే కీర్తన. ఆ కీర్తనలు తెలుగువాళ్లు రాసుకున్నవి. పురుషోత్తం చౌదరి వంటివారు రాగతాళాలతో కూర్చిన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ పైన రాగం పేరు, తాళం పేరుతోనే అచ్చవుతున్నాయి.

పిల్లల బాకీ

బంగళా పిల్లలకు మొదట వచ్చే మాటలు తెలుగు. ఆయా జోలపాట తెలుగు, కథ తెలుగు, తిట్టు తెలుగు. నాలుగేళ్ల బిడ్డ తల్లికీ వీధి వాకిట్లో ముసలమ్మకూ మధ్య దుబాసీగా నిలబడేది. ఇంత చక్కగా ఇక్కడ నాటుకున్న మొక్కను ఆరేడేళ్లకే పీకేవారు. చదువు కోసం, ఇక్కడి జ్వరాలు తప్పించడం కోసం స్వదేశానికి పంపేయడం 19వ శతాబ్దంలో రివాజు. తోటి మిషనరీలు సెలవు మీద వెళుతుంటే వాళ్ల వెంట ఓడెక్కించడమే. బర్మాలో పనిచేసిన సారా బోర్డ్‌మన్, తర్వాత అక్కడే మిషనరీ అయిన జడ్సన్ గారిని పెళ్లాడిన ఆవిడ, ఆరేళ్ల కొడుకు జార్జ్‌ను 1834లో అలాగే పంపారు. 1845లో ఆమె జబ్బుతో అమెరికాకు వస్తూ దారిలో సెంట్ హెలెనా దీవి దగ్గర చనిపోయారు. తల్లీకొడుకులు మళ్లీ కలుసుకోలేదు.

దేవుడి పనికోసం అమ్మ నన్ను పంపించింది అన్న మాట ఆరేళ్ల పసివాడికి ఎలా అర్థమవుతుంది? పెద్దలు తమ ప్రాణాలు తాము అర్పించుకోవచ్చు. పిల్లల బాల్యం మాత్రం పెద్దల సొత్తు కాదు. ఈ కుటుంబాల ధైర్యానికి చేతులెత్తి మొక్కుతూనే ఈ ఒక్క మాటా చెప్పాలి.

ఇంకో దేశంలో ఇదే బాధను అక్షరాల్లో పెట్టింది పెర్ల్ బక్. ‘గుడ్ ఎర్త్’ నవల వల్ల మనకు పరిచయమైన ఆమె చైనాలో మిషనరీల ఇంట పెరిగారు. ఆయా ఒళ్లో చైనా భాష నేర్చుకున్నారు. ఏడుగురు పిల్లల్లో నలుగుర్ని పోగొట్టుకున్న తల్లి కథను ‘ది ఎగ్జైల్’గా, తండ్రి కథను ‘ఫైటింగ్ ఏంజెల్’గా ఒకే ఏడాది, 1936లో, రెండు పుస్తకాలు అచ్చువేశారు. తండ్రి కొత్త నిబంధనను చైనా భాషలోకి తెస్తూ ఇంటి డబ్బంతా ఆ అచ్చుకే ఊడ్చిపెట్టేవారు. తల్లి కాపురం మారిన ప్రతిచోటా పూలమొక్కలు నాటుకునేవారు. తండ్రిని కూతురు ద్వేషించలేదు, తల్లి పోగొట్టుకున్నదాన్ని దాచనూలేదు. మిషనరీ ఇంటిని అర్థం చేసుకోవడానికి ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కనే పెట్టుకుని చదవాలి.

మన దక్షిణాదిన కొంత ఊరట కొడైకెనాల్ రూపంలో వచ్చింది. మదురై వైపు అమెరికన్ మిషనరీలు పిల్లల్ని కలరాకు, జ్వరాలకు పోగొట్టుకుని 1845లో ఆ కొండ మీద ఇళ్లు కట్టుకున్నారు. 1901లో అక్కడ మిషనరీల పిల్లలకు బడి మొదలైంది. ఇక్కడ పనిచేస్తున్న కొడుకు షెర్‌వుడ్ ఎడ్డీని చూడడానికి అమెరికా నుంచి వచ్చిన మార్గరెట్ ఎడ్డీ అనే తల్లి మొదటి ప్రిన్సిపాల్. మోటారు రోడ్డు పడక ముందు కూలీలు మోసే డోలీల్లో పిల్లలు కొండెక్కేవారు. మండు వేసవిలో తల్లిదండ్రులు వచ్చి కొన్ని వారాలు వాళ్లతో గడిపేవారు, క్రిస్మస్‌కు పిల్లలు దిగొచ్చేవారు. ఏడాదిలో మిగతా కాలమంతా వారానికో ఉత్తరం. సముద్రం బదులు ఓ రైలు రాత్రి అడ్డొచ్చింది, అంతే. అయినా ఆ తల్లులకు అది చాలా పెద్ద తేడా.

ఆ బడిలో చదివిన వాళ్లలో పాల్ హీబర్ట్ ఒకరు. మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీల కొడుకుగా 1932లో మన శంషాబాద్‌లో పుట్టారు. పెద్దయ్యాక తానూ మిషనరీగా పనిచేసి, మానవశాస్త్రం చదివి, పాలమూరు జిల్లా కొండూరు గ్రామం మీద 1971లో పరిశోధన గ్రంథం వెలువరించారు. ఏ ఊరివాడివంటే జవాబు చెప్పడం కష్టమైన బాల్యమే, ఊరంటే ఏమిటో చూసే చూపు ఆయనకు ఇచ్చిందనిపిస్తుంది.

భోజనాల బల్ల దగ్గర

ప్రార్థనలో అందరూ ఒకే వరుస. భోజనాల వేళకు ఆ వరుస విడిపోయేది. హాల్లో పక్కపక్కన మోకరించినవాళ్లలో కొందరు కుర్చీలకు, కొందరు వంటింటి వెనక్కి. ఈ మాట బయటివాళ్లు అనలేదు. మిషను నీడలో ఎదిగిన వి.ఎస్. అజరయ్య గారే 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి అన్నారు. మీ త్యాగాలన్నీ ఒప్పుకుంటాం, మాకు కావలసింది స్నేహం అన్నది ఆయన ప్రసంగ సారాంశం. సభలో కొందరు నొచ్చుకున్నారు. ఆయన చెప్పింది నిజం.

అజరయ్య గారికి ఆ మాట అనే హక్కు రెండందాల ఉంది. ఆయనా పరాయినేల మీద పనిచేసిన మిషనరీయే. 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో ఏర్పాటు చేసుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకుల్లో ఒకరు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని ఇక్కడే కాపురమున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఆ కొత్త భాష, కొత్త తిండి మధ్య ఇల్లు నడిపారు. తమిళ తల్లి తెలుగు పల్లెల ఆడవాళ్లతో కూర్చుని ప్రార్థించడం, సముద్రం దాటకపోయినా, దేశం దాటడమే.

చాప పరిచాక

మన పల్లెల్లో క్రైస్తవుల ఇళ్లు తెలిసినవాళ్లకు రాత్రి కుటుంబ ప్రార్థన తెలుసు. అన్నాలు తిన్నాక చాప పరుస్తారు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుంటుంది. పిల్లల్లో ఒకరు వాక్యం చదువుతారు, తడబడితే నాన్న అందిస్తాడు. పాట ఎత్తుకునేది ఎక్కువగా నాయనమ్మే. ప్రార్థనలో బర్రె ఈనడం, పెద్దోడి పరీక్ష, ఎదురింటివాళ్ల జబ్బు, బాకీ, పొలానికి నీళ్లు, ఏదీ తప్పిపోదు. పరలోక ప్రార్థనకు వచ్చేసరికి చిన్నది చాప మీదే నిద్రపోయి ఉంటుంది. మిషను బంగళాలు చాలావరకు కూలాయి, కొన్ని ఆఫీసులయ్యాయి. ఆ హాల్లో గంట కొట్టి నడిపిన ప్రార్థన మాత్రం కుర్చీలు వదిలేసి, చాప మీదికొచ్చి, మన రాగాలు పాడుకుని మన ఇంటిదైపోయింది. మిషనరీలు మనకిచ్చిన వాటిలో ఇదే ఎక్కువ కాలం నిలిచిందని నేననుకుంటాను. రాతి కట్టడాలకు మరమ్మతు కావాలి, దీనికి ఓ నాయనమ్మ చాలు.

ఆ చాప సముద్రం కూడా దాటింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ మొదటి కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేర్చింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా వెళ్లారు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. అయిదేళ్ల ఒప్పందం, చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో పని, బారకాసుల్లో బతుకు. అలా వెళ్లిన బాప్టిస్టు కుటుంబాలు ఓ కాపరి కావాలని కోరుకున్నాయి. 1903లో తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ నెల్లూరు ఉపాధ్యాయుడు జాన్ రంగయ్యను పంపింది. ఆయన్ను పంపింది అమెరికావాళ్లు కాదు, తెలుగు సంఘాలే. భార్యాబిడ్డలతో ఓడెక్కిన ఆయన ఆ ఏడాది డిసెంబరు 27న కీర్స్‌నీ తేయాకు తోటల దగ్గర మొదటి తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించారు. 1915లో చనిపోయేదాకా నేటాల్ తీరంలో సంఘాలు కడుతూనే ఉన్నారు. ఒంగోలు కొండ మీద అయిదుగురు మోకరించిన నాటికీ, నెల్లూరు కుటుంబం నేటాల్ రేవు డర్బన్ చేరిన నాటికీ మధ్య యాభై ఏళ్లు కూడా పూర్తిగా గడవలేదు.

రంగయ్య గారి ఇల్లాలి గురించి వెతికితే మళ్లీ ఆ పాత ఇబ్బందే. సంఘాల పేర్లు, తేదీలు దొరుకుతాయి, ఇల్లు దొరకదు. వారంలో ఆరురోజులు తోటలో వంగి పనిచేసి ఆదివారం వచ్చే ఆడవాళ్లు తమ గోడు ఎవరితో చెప్పుకుని ఉంటారో ఊహించడం మాత్రం కష్టం కాదు. వాళ్ల భాష తెలిసిన, వాళ్లలాగే పుట్టింటికి దూరమైన ఓ నెల్లూరమ్మ అక్కడ ఉంది.

ఇవాళ నేపాల్ నుంచి ఆఫ్రికా దాకా తెలుగు సేవకుల కుటుంబాలు ఉన్నాయి. మన రాత్రి 8 గంటల కుటుంబ ప్రార్థనకు డర్బన్‌లో సాయంత్రం నాలుగున్నర, ఫోను తెర మీద తాతయ్య ముందు మనవలు కూర్చుని పాడొచ్చు. రోయెన్నా డే ఏడాది ఎదురుచూసిన జవాబు క్షణంలో వస్తుంది. అయితే పిల్లల చదువు, భార్య ఒంటరితనం, ఊళ్లో ముసలి తల్లిదండ్రుల మందులు, ఈ మూడూ అప్పటిలాగే ఉన్నాయి. పంపిన సంఘాలు ఎన్ని ఆత్మలు రక్షణ పొందాయని అడుగుతాయి. అమ్మాయికి కొత్త బడిలో స్నేహితులు దొరికారా అని అడిగేవాళ్లు తక్కువ.

వాళ్లు సెలవు మీద వచ్చినప్పుడు మనం చేసేది ఇంకా అన్యాయం. మూడేళ్లకోసారి వచ్చే నెలరోజుల్లో వారానికి నాలుగు కూటాలు, ప్రతి కూటంలో సాక్ష్యం, సాక్ష్యం తర్వాత పిల్లల్ని వేదిక ఎక్కించి అక్కడి భాషలో పాట. ఈసారి ఎవరైనా అలా వస్తే ఆ తల్లిని పది రోజులు పుట్టింట్లో పడుకోనివ్వండి. పిల్లలకు మైకు ఇవ్వకండి, మేనమామల ఊరికి పంపండి. సాక్ష్యం వినాలనుంటే రాత్రి వాళ్లింటికి వెళ్లి, చాప మీద ఓ పక్కగా కూర్చుని, వాళ్లు ఎవరికోసం ప్రార్థిస్తున్నారో వినండి.